తొందరకు ముందు వ్రాసిన తీర్పు

2001వ సంవత్సరము మార్చి 28వ తేదీ అపరాహ్ణమున, నాడు నెల్లూరు జిల్లాలోను నేడు తిరుపతి జిల్లాలోను ఉన్న శ్రీహరికోటయందు, జి.ఎస్.ఎల్.వి. రాకెట్టు తన ప్రథమ ప్రయాణమునకు సన్నద్ధమై నిలిచియుండగా, దాని నడుమ నున్న ఘనేంధన దశకు నాలుగువైపుల అమర్చిన ద్రవేంధన యంత్రములు నిర్ణీత క్షణమున ప్రజ్వరిల్లినవి. మరి కొలది సెకనులకు ఘనేంధన దశయు అంటుకొనవలసియుండెను. అది యొకసారి అంటుకొన్న పిమ్మట దాని నార్పుట ఎవరితరమును కాదు. ఆ స్వల్పవ్యవధిలో ప్రయోగక్రమమును నడపుచున్న కంప్యూటరు నాలుగు యంత్రములను పరిశీలించి, వానిలో ఒకటి చాలినంత త్రోపుడు నీయకుండుటను కనిపెట్టి, రాకెట్టు నేల విడుచుటకు ఒక్క సెకను ముందు సమస్తమును ఆపివైచెను. రాకెట్టు దక్కినది. లోపమును సవరించి ఏప్రిల్ 18వ తేదీన దానిని మరల ప్రయోగింపగా అది ఆకాశమునకు లేచి పోయెను.

ఆ ఒక్క సెకనులో నిర్ణయము చేసినవా రెవరని విచారించినచో, ఆనాడు కంప్యూటరు తెరల యెదుట కూర్చున్నవారిలో ఎవరును కారనియే చెప్పవలసివచ్చును; అంతటి త్వరలో ఆలోచింపగల మనుష్యుడు లేడు. ఎంతో ముందుగా, ఏ తొందరయు లేని గదిలో కూర్చుండి, ఏ యంత్రమునకు ఎంత త్రోపుడుండవలెనో, అది లేనిచో ఏమి చేయవలెనో యోచించి లిఖించిన ఇంజనీర్లే ఆ తీర్పును చేసిరి; కంప్యూటరు దానిని అమలు జరిపినది. స్వయంచాలక పరీక్ష యనునది సారాంశమున ఇదియే: మనస్సు నిలుకడగా నున్నప్పుడు చేసిన తీర్పును, తొందర ముంచుకొనివచ్చిన వేళ తనంత తానే అమలగునట్లు వ్రాసియుంచుట. ఈ సూత్రము రాకెట్టులకు ఎంత అవసరమో, మన నిత్యజీవితపు భారమును కంటికి కనబడక మోయుచున్న సర్వరులకును అంత అవసరము. ఆ సర్వరులను సిద్ధపరచు కోడ్‌ను పరీక్షించు పద్ధతియే ఈ వ్యాసమునకు విషయము.

తిరుమల శ్రీవారి దర్శనమునకై 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనపు టిక్కెట్లను దేవస్థానమువారు ముందుగా తెలిపిన దినమున, తెలిపిన గంటకు ఆన్‌లైనులో విడుదల చేయుదురు. ఆ గంట కొట్టుటతోడనే చిత్తూరునుండియు, చెన్నైనుండియు, చికాగోనుండియు అసంఖ్యాకులైన భక్తులు ఒక్కుమ్మడిగా ఆ తలుపు తట్టుదురు. ఇట్టి తాకిడిని ఒకే కంప్యూటరు భరింపజాలదు. భక్తుల పేరులను తీసికొనునవి కొన్ని, సొమ్ము చెల్లింపును చూచునవి కొన్ని, వచ్చినవారిని వరుసలో నిలుపునవి కొన్ని, ఇట్లు అనేక సర్వరులు కలసి పనిచేసిననే గాని ఇంతటి వ్యవస్థ నిలువదు. రైలు టిక్కెట్లకును, పరీక్షాఫలితములకును, బ్యాంకు లావాదేవీలకును ఇదియే రీతి. ఒకే పని చేయు సర్వరులన్నియు అణుమాత్రమును భేదము లేక ఒకే తీరున అమరియుండుట ఇందు మొదటి నియమము.

సర్వరు అమరిక యనగా నేమి? యంత్రములో ఏ సాఫ్ట్‌వేరు ప్యాకేజీలు ఏ వెర్షనులో ఉండవలెను, ఏ ఫైలులో ఏ పంక్తి ఉండవలెను, దానిని ఎవరు చదువవచ్చును, ఎవరు మార్పవచ్చును, బయటివారికి ఏ పోర్టు తెరచియుండవలెను, ఏది మూసియుండవలెను, గడియారము సరియైన కాలమును చూపుచున్నదా, భద్రతాపత్రమునకు గడువు తీరినదా, అను వందలకొలది చిన్న విషయముల సముదాయమే అమరిక. ఒకప్పుడు దీనినంతను సిస్టం అడ్మినిస్ట్రేటరు తన చేతితో ఒక్కొక్క కమాండు కొట్టి చేసెడివాడు. పది యంత్రములకు ఒకే పని పదిమారులు చేయునప్పుడు ఏడవదానిలో ఒక మెట్టు తప్పిపోవుట మానవసహజము. పైగా ఒకనాటి అర్ధరాత్రి ఆపద తీర్చుటకై ఒక సర్వరులో చేసిన చిన్న మార్పు ఎక్కడను లిఖింపబడక, ఆ మనిషి ఉద్యోగము మారిపోవుటతో జ్ఞాపకమునుండియు తొలగిపోవును. కాలక్రమమున ఒకే కాన్పున పుట్టిన సర్వరులు ఒకదానికొకటి పోలిక లేనివగును. దీనినే ఆ వృత్తివారు డ్రిఫ్టు అని వ్యవహరింతురు.

ఈ చిక్కునకు పరిష్కారముగా 1993లో నార్వే దేశమునందలి ఓస్లో విశ్వవిద్యాలయమున మార్క్ బర్జెస్ అను శాస్త్రజ్ఞుడు సీఎఫ్‌ఇంజిన్ అను సాధనమును నిర్మించెను. యంత్రము ఏ స్థితిలో ఉండవలెనో లిఖితరూపమున తెలిపినచో, ప్రస్తుతస్థితిని దానితో పోల్చి చూచి, కొరతపడిన దానిని మాత్రము సవరించుట దాని పని. ఆ బాటలోనే 2005లో పప్పెట్, 2009లో షెఫ్, 2012లో ఆన్సిబుల్ వెలువడినవి. దీనికొక పోలిక చెప్పవచ్చును. తిరుమలలో పోటు అను వంటశాలయందు లడ్డూ ప్రసాదమునకు దిట్టమని ఒకటి కలదు: ఇన్ని లడ్డూలకు శనగపిండి ఇంత, నేయి ఇంత, చక్కెర ఇంత, జీడిపప్పు ఇంత, యాలకులు ఇంత అని నిర్ణయించిన లెక్క. వండు చేతులు మారినను ప్రసాదము మారకుండుటకు ఆ దిట్టమే ఆధారము. సర్వరులకు కాన్ఫిగరేషను కోడ్ ఇట్టి దిట్టమే. అయితే పోటులోని వంటవారికి కన్నులును, ముక్కును, అనుభవమును కలవు. లెక్కలో ఎవరైనను ఒక సున్న ఎక్కువ వ్రాసినచో వారు చేయి ఆపి అడుగుదురు. కంప్యూటరు అడుగదు. తప్పుగా వ్రాసిన దానిని అంతే శ్రద్ధతో, అంతే వేగముతో, ఉన్న సర్వరు లన్నిటను ఒకేసారి అమలుచేయును.

చేతితో చేసిన తప్పు ఒక యంత్రమును చెరచును. కోడ్‌లో వ్రాసిన తప్పు నూరు యంత్రములను ఒకే నిమిషమున చెరచును. కోడ్ అందరికిని సమముగా అందకపోయినను ముప్పు తక్కువ కాదు. 2012 ఆగస్టు 1వ తేదీన అమెరికాలో నైట్ కాపిటల్ అను షేర్ల వ్యాపారసంస్థ ఎనిమిది సర్వరులలో క్రొత్త ప్రోగ్రామును ఉంచబూని ఒకదానిని విడిచిపెట్టెను. ఏడు సర్వరులు క్రొత్త త్రోవను నడువగా, ఎనిమిదవదానిలో ఏండ్లతరబడి వాడుక లేక పడియున్న పాత ప్రోగ్రాము మేల్కొని, ముప్పాతిక గంటలో కోరని కొనుగోళ్లను, అమ్మకములను లక్షలకొలదిగా బజారులోనికి పంపినది. సంస్థకు వాటిల్లిన నష్టము 40 కోట్ల డాలర్లకు పైబడెను. ఎనిమిదింటను ఒకే ప్రోగ్రాము ఉన్నదా యని బజారు తెరచుటకు ముందే అడుగు చిన్న పరీక్ష యొకటి ఉన్నచో ఆ ఎనిమిదవ సర్వరు అప్పుడే పట్టుబడియుండెడిది.

ఇక పరీక్షల స్వరూపమును చూతము. ఇవి అంతస్తులుగా నుండును. అల్పవ్యయమును, అల్పకాలమును కోరునవి ముందు, అధికవ్యయమును కోరునవి వెనుక. మొదటి అంతస్తున యంత్రముతో పనిలేదు. వ్రాసిన పాఠమునే చదివి తప్పులు పట్టు సాధనములుండును. ఆన్సిబుల్‌నకు ఇచ్చు ఆజ్ఞలపట్టికలైన ప్లేబుక్కులను యామల్ అను రూపములో వ్రాయుదురు. అందు పంక్తికి ముందు విడువవలసిన ఖాళీ ఒకటి ఎక్కువైనను తక్కువైనను అర్థము మారిపోవును. యామల్‌లింట్, ఆన్సిబుల్‌లింట్ అను సాధనములు ఇట్టి దోషములను సెకనులలో చూపుటయే కాక, పాస్‌వర్డులున్న ఫైలును లోకమంతయు చదువునట్లు వదలుట వంటి దురలవాట్లను గూడ హెచ్చరించును.

రెండవ అంతస్తున కోడ్‌యొక్క తర్కమును, సర్వరును ముట్టకయే పరీక్షింతురు. ఈ యంత్రమున నడచు ఆపరేటింగ్ సిస్టం ఉబుంటు అయినచో ఏమి చేయుదువు, రెడ్‌హ్యాట్ అయినచో ఏమి చేయుదువు, మెమొరీ తక్కువగా నున్నచో ఏ విలువను వ్రాయుదువు, అని కోడ్‌ను ప్రశ్నించి, అది చేయదలచిన పనుల పట్టికను ఆశించిన పట్టికతో పోల్చుట ఇందలి విధానము. పప్పెట్‌కు ఆర్‌స్పెక్‌పప్పెట్, షెఫ్‌నకు షెఫ్‌స్పెక్ ఈ పనికై పుట్టినవి. ఇచ్చట ఏ ప్యాకేజీయు దిగదు, ఏ ఫైలును మారదు. కావున వందల పరీక్షలను నిమిషములలో ముగింపవచ్చును.

అసలు బలము మూడవ అంతస్తున నున్నది. ఇందు నిజమైన సర్వరును పోలిన తాత్కాలిక యంత్రము నొకదానిని సృష్టించి, దానిపై కోడ్‌ను నడపి, ఫలితమును పరిశీలించి, పని ముగిసిన పిదప ఆ యంత్రమును నశింపజేయుదురు. ఒకప్పుడు ఇది ఖర్చుతో కూడిన పని. 2010లో వాగ్రంట్ వచ్చి కృత్రిమ యంత్రములను ఒక్క కమాండుతో నిలబెట్టు సౌకర్యమును కలిగించెను. 2013లో డాకర్ వచ్చి కంటైనరులను, అనగా యంత్రమువలె ప్రవర్తించు తేలికపాటి ఆవరణములను, సెకనులలో పుట్టించి గిట్టించు వీలు కల్పించెను. షెఫ్ వాడువారికి టెస్ట్ కిచెన్, ఆన్సిబుల్ వాడువారికి మాలిక్యూల్ ఈ సృష్టి స్థితి లయములను వరుసగా జరిపించును. ఫలితమును చూచుటకు సర్వర్‌స్పెక్, ఇన్‌స్పెక్, టెస్ట్‌ఇన్‌ఫ్రా అను సాధనములు కలవు. 443వ పోర్టున ఎవరైనను పలుకుచున్నారా, ఈ ఫైలునకు యజమాని ఎవరు, ఆ యూజరునకు లాగిన్ నిషేధింపబడినదా, అని ఇవి యంత్రమునే అడిగి తెలిసికొనును.

ఈ అంతస్తున అడుగు ప్రశ్నలలో రెండింటిని ప్రత్యేకముగ చెప్పవలెను. మొదటిది: ఇదే కోడ్‌ను రెండవమారు నడపినచో ఏమగును? ఒక ఫైలు చివర ఈ పంక్తిని చేర్పుమని వ్రాసితి మనుకొనుడు. మొదటిమారు అంతయు సవ్యముగానే యుండును. కాని పప్పెట్ సాధారణముగ ప్రతి 30 నిమిషములకు ఒకసారి సర్వరును సరిచూచుచుండును. కావున దినమునకు అదే పంక్తి 48 మారులు చేరి, కొన్ని వారములలో ఆ ఫైలు నిరర్థకమగును. ఈ ఫైలులో ఈ పంక్తి యుండవలెనని స్థితిరూపమున వ్రాసినచో, ఉన్నచోట ఊరకుండును, లేనిచోట చేర్చును. ఈ గుణమునకు ఐడెంపొటెన్సు అని పేరు. దీనిని కనుగొను పరీక్ష మిక్కిలి సులభము: కోడ్‌ను వెంటవెంటనే రెండుమారులు నడుపుట, రెండవమారు మార్పుల సంఖ్య సున్న కానిచో తప్పని తీర్మానించుట.

రెండవ ప్రశ్న: యంత్రము పడి లేచినచో సేవ మరల మొదలగునా? ఒక సేవ ఇప్పుడు నడచుచుండుట వేరు, యంత్రము తిరిగి ప్రారంభమైనప్పుడు తనంత తాను మొదలగునట్లు నమోదై యుండుట వేరు. కోడ్ వ్రాసినవారు మొదటిదానిని పలికి రెండవదానిని మరచినచో, మాసములతరబడి ఏ లోపమును కనబడదు. ఒక వేసవి సాయంకాలము ఉరుములతో కూడిన వాన కురిసి, కరెంటు పోయి వచ్చిన పిదప, సర్వరు లేచును గాని సేవ లేవదు. ఇట్టిదే మరియొక దోషము: కాన్ఫిగరేషను ఫైలు మారినది, కాని ఆ సేవను పునఃప్రారంభింపుమని చెప్పుట మరచిరి, ఫైలు చూచినచో క్రొత్తది, నడచుచున్న ప్రోగ్రాము మనస్సులో పాతది. కావున ఫైలులో ఏమున్నదని అడిగి ఊరకుండు పరీక్ష చాలదు. సేవనే పలుకరించి, అది క్రొత్త విధమున బదులిచ్చుచున్నదా యని చూడవలెను. కోడ్‌లో ఉన్న మాటనే పరీక్షలో తిరిగి వ్రాసినచో ఆ పరీక్ష ఎన్నడును తప్పిపోదు, ఎన్నడును ఉపకరింపదు.

ఈ మూడంతస్తులను మనుష్యుడు గుర్తుంచుకొని నడపవలసివచ్చినచో, పని త్వరపడిన రోజుననే వానిని విడిచిపెట్టును. అందుచేత కోడ్‌నంతయు గిట్ అను సాధనముతో నడచు భాండాగారమున ఉంచి, అందు ఒక అక్షరము మారినను జెంకిన్స్ వంటి సాధనము తానే మేల్కొని పరీక్షలన్నిటిని వరుసగ నడుపునట్లు ఏర్పరచుదురు. అన్నియు నెగ్గిననే ఆ మార్పు ప్రధానశాఖలో కలియును. నెగ్గిన మార్పును గూడ మొదట స్టేజింగు అను నమూనా సర్వరులపై, తరువాత ప్రొడక్షనులో, అనగా ప్రజలు వాడు సర్వరులలో, ఒకే యొక సర్వరుపై విడుదల చేసి, అది కుదురుగా నున్నదని తెలిసిన మీదట మిగిలినవానికి విస్తరింపజేయుట వివేకుల పద్ధతి. ఎవరును ఏమియు మార్పకున్నను రాత్రికొకసారి పరీక్షలను నడుపుట మంచిది. ఏలయన మన కోడ్ మారకున్నను, అది ఇంటర్నెట్టునుండి దింపుకొను ప్యాకేజీలు మారుచుండును, నిన్న నెగ్గిన దారి నేడు మూసికొనిపోయియుండవచ్చును.

పరీక్షలకు హద్దులును కలవు. కంటైనరు పూర్తిగా యంత్రము కాదు. తనను మోయుచున్న కంప్యూటరు యొక్క కెర్నెల్‌ను, అనగా ఆపరేటింగ్ సిస్టం మూలభాగమును, పంచుకొనును గావున, కెర్నెల్‌కు, డిస్కులకు, ఫైర్‌వాలునకు సంబంధించిన అమరికలను అందు విశ్వాసముతో పరీక్షింపలేము. వానికి సంపూర్ణమైన కృత్రిమ యంత్రమే కావలెను. లక్షమంది ఒకేసారి వచ్చినప్పటి తాకిడి ఈ పరీక్షలలో కనబడదు. దానికి భారపరీక్షలు వేరుగా నున్నవి. ఇక, ఎన్నడును తప్పు చూపని పరీక్షపై నమ్మకము పెంచుకొనుటకు ముందు, కోడ్‌లో కావలెననియే ఒక దోషమును చొప్పించి, పరీక్ష దానిని పట్టుకొనుచున్నదో లేదో చూడవలెను. పట్టుకొననిచో అది నామమాత్రపు కావలియే.

వీనియన్నిటికంటె కష్టమైన ప్రశ్న యొకటి కలదు: పరీక్ష వలదన్నప్పుడు మనమేమి చేయవలెను? 1979 ఆగస్టు 10వ తేదీన శ్రీహరికోటలో ఎస్.ఎల్.వి.-3 తొలి ప్రయోగమునకు లెక్కింపు సాగుచుండగా కంప్యూటరు ఆపుమని సూచించెననియు, నిపుణులతో సంప్రదించి తాను ఆ సూచనను దాటి ప్రయోగమునకే మొగ్గితిననియు నాటి పథకనాయకులైన అబ్దుల్ కలాముగారు పిమ్మట పలుసభలలో నిష్కపటముగా చెప్పియున్నారు. రెండవ దశ నియంత్రణవ్యవస్థలోని లోపమువలన ఆ రాకెట్టు బంగాళాఖాతమున కూలెను. మరుసటి సంవత్సరము, 1980 జులై 18వ తేదీన, అదే బృందము రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపినది. సర్వరుల లోకమున పరీక్షను దాటిపోవుట ఇంకను సులభము; ఒక మీట నొక్కినచో చాలును, ఒక పదము చేర్చినచో చాలును. టిక్కెట్ల విడుదలకు అర్ధగంట మాత్రమే యున్నది, పరీక్ష ఒకటి నెగ్గక ఎఱ్ఱగా నున్నది, అందరును ఫోనులు చేయుచున్నారు: అట్టి వేళ ఆ మీటను నొక్కవలెననిపించుట సహజమే. కాని ఆ వేళటి మన బుద్ధికంటె, నిదానముగా నున్నప్పుడు పనిచేసిన మన బుద్ధియే నమ్మదగినది.

కొన్నిమారులు పరీక్షయే పొరపడవచ్చును. 2023 అక్టోబరు 21వ తేదీన మనుష్యులను అంతరిక్షమునకు పంపుటకైన గగన్‌యాన్ పథకపు తొలి పరీక్షావాహనము శ్రీహరికోటలో లేవవలసియున్న వేళ, సరిగా 5 సెకనులు మిగిలియుండగా కంప్యూటరు ప్రయోగమును ఆపెను. విచారింపగా వాహనమునందు కాక పర్యవేక్షణలోనే వైషమ్యమున్నట్లు తేలినది. శాస్త్రజ్ఞులు ఆ పరిశీలనను తోసిపుచ్చక, కారణమును కనుగొని, దానిని సరిచేసి, ఉదయము 10 గంటలకు వాహనమును నిర్విఘ్నముగ ప్రయోగించిరి. సర్వరు పరీక్షలలోను అకారణముగ ఒకమారు నెగ్గి ఒకమారు ఓడునవి కొన్ని యుండును. మరల నడుపుడు, పచ్చబడును అను మాట అలవాటైన బృందము, నిజమైన హెచ్చరికను గూడ అట్లే తోసివేయును. కావున పొరపడు పరీక్షను మరమ్మతు చేయవలెను, లేదా తీసివేయవలెను; దానిని అట్లే యుంచి పట్టించుకొనకుండుట మాత్రము కూడదు.

ఇక ఈ పని చేయువారి విషయము. చిత్తూరు, తిరుపతి ప్రాంతములు చెన్నై, బెంగుళూరు నగరములకు నడుమ నున్నవి. 1954లో వెలసిన శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయము మొదలు 2015లో ఆరంభమైన తిరుపతి ఐ.ఐ.టి. వరకు ఇచ్చటి విద్యాలయములలో చదివిన యువకులు ఆ నగరములలోను, హైదరాబాదులోను, విదేశములలోను సర్వరులను సంరక్షించు ఉద్యోగములలో ఉన్నారు. డెవాప్స్ అనబడు ఈ వృత్తి యనగానే సాధనముల పేరులు కంఠస్థము చేయుటయే విద్య యని భావించుట వారిలో కొందరికి కలుగు మొదటి భ్రమ. సాధనములు మారును, పదేండ్ల క్రింద వెలిగినవి నేడు మూలబడినవి. మారనిది, వ్రాసిన ఆజ్ఞను లోకముమీదికి పంపుటకు ముందు, అది ఎట్లు చెడగలదో ఊహించి, ఆ ఊహను పరీక్షగా మార్చు శీలము. ఈ సాధనములలో అనేకము ఉచితముగా లభించును. సామాన్యమైన ల్యాప్‌టాప్‌పై కంటైనరు నొకదానిని నిలిపి, పది పంక్తుల ప్లేబుక్కును, దానికి అయిదు పంక్తుల పరీక్షను వ్రాసి, రెండుమారులు నడపి చూచుట ఏ విద్యార్థికైనను ఒక సాయంకాలపు పని.

ఉద్యోగమున నున్నవారు ఎచ్చట మొదలిడవలెనని అడిగినచో, ఏండ్లనాటి కోడ్‌కంతటికిని ఒక్కసారిగా పరీక్షలు వ్రాయబూనవలదని చెప్పవలెను. అట్టి సంకల్పము ఆరంభమునందే అలసిపోవును. గడచినమారు ఏ లోపము సేవను ఆపినదో దానిని తీసికొని, అది మరల వచ్చినచో ముందుగనే పట్టుకొను పరీక్ష నొకదానిని వ్రాయుడు. తరువాతి లోపమునకు మరియొకటి. ఇట్లు చేరుచు పోగా, ఆ బృందము అనుభవించిన ఆపదలన్నియు నడుపదగిన జ్ఞాపకమై నిలుచును. నిన్న చేరిన క్రొత్త ఉద్యోగికి గూడ పాతవారి అనుభవము అడుగకయే అండగా నుండును. మనుష్యులు సెలవు తీసికొందురు, మరతురు, వెళ్లిపోదురు. వారు నేర్చినది పరీక్షగా వ్రాయబడినచో అది ప్రతి మార్పునకును ముందు నిలిచి ప్రశ్నించుచునే యుండును. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పిన కోడ్‌నే సర్వరులను చేరనిచ్చుట, తమకు తెలియకయే వానిపై ఆధారపడిన కోట్లాది ప్రజలపట్ల ఈ వృత్తివారి కనీసధర్మము.